పక్కింటామె ఎందుకు వచ్చేది

మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిన వారానికే పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. గూడూరులో మేముండేది వరసిళ్ళు. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. ఈ పక్క మేకు కొడితే ఆ పక్క సున్నం రాలుతుంది. వాళ్ళు దిగిన రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం పూట ఒకామె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో కరేపాకు రెబ్బలు.

"పొదలకూరు పక్క మాది. ఊర్నించి తెచ్చినాం, తీసుకో మే" అంది.

తీసుకున్నాను. కానీ మా గుమ్మం పక్కనే కరేపాకు చెట్టుంది. దాని కొమ్మలు తోసుకోకుండా ఎవరూ మా ఇంట్లోకి రాలేరు. ఆ కొమ్మలు తోసుకొనే లోపలికి వచ్చి నాకు కరేపాకు ఇస్తోంది ఈమె. వచ్చిన పని ఇది కాదు అనుకున్నాను.

కూర్చోమనకముందే కుర్చీలో కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. పొలం పని చేసిన చేతులు. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. గదంతా చూసింది. గోడకున్న అమ్మ ఫోటో, దాని కింద బైబిలు వాక్యాల క్యాలెండరు, కిటికీ దగ్గర నా కుట్టు మిషన్, మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు. చాలాసేపు అట్లా కూర్చొని, "వస్తా మే" అని లేచి పోయింది. తలుపేసి, ఏం చూసిపోయిందా అని నేను కూడా గదంతా కలయజూశాను.

అప్పట్లో నేను ఎవరినీ నమ్మేట్టు లేను. దానికో కథ ఉంది.

మా అమ్మది జువ్వలదిన్నె దగ్గర ఊరు. పక్షవాతం వచ్చి మంచాన పడితే నా దగ్గరికి తెచ్చుకున్నాను. మాకు పిల్లలు లేరు. నా భర్త తడ దగ్గర కంపెనీలో పనిచేస్తాడు, అక్కడే రూములో ఉండి శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. అమ్మ పోయేదాకా మూడేళ్ళూ ఇంట్లో అమ్మా నేనే. ఒక ఏడాది గడిచేసరికి నాలో ఏదో అరిగిపోయింది. అప్పుడొకసారి మా చర్చి సంఘంలో స్త్రీల కూడికకి పోయినప్పుడు, కూడిక నడిపే సిస్టర్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, మనసులో భారం ఉంటే చెప్పుకో అమ్మా, ఇక్కడ అందరం నీవాళ్ళమే అన్నారు. చెప్పాను. ముందురోజు అమ్మ అన్నం ఉమ్మేస్తే అరిచాననీ, పళ్ళెం విసురుగా కింద పెట్టాననీ, అమ్మ నా ముఖంలోకి చూసిన చూపు కళ్ళలోంచి పోవడం లేదనీ చెప్పి ఏడ్చాను. ఇంటికొచ్చేటప్పుడు ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

ఆదివారం ఆరాధనలో ఆ సిస్టర్ గారే మైకు ముందుకొచ్చి ప్రార్థన చేశారు. "కన్నతల్లికి సేవ చెయ్యడంలో సహనం కోల్పోతున్న మా సహోదరిని జ్ఞాపకం చేసుకో ప్రభువా." పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ సంఘంలో మంచాన పడిన తల్లి ఉండేది నాకొక్కదానికే. ముందు వరసల్లో ముసుగులు అటూ ఇటూ కదిలాయి. ప్రార్థన అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి నా చెయ్యి పట్టుకొని, ఓర్చుకోమ్మా అన్నారు.

ఆమె చెడ్డమనిషి కాదు. నిజంగానే నాకోసం ప్రార్థించింది. అదే ఇంకా కష్టం, కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. ఆ రోజు నుంచి నా నోరు మూతపడింది. ఎవరైనా బాగుండావా అని అడిగితే, ఎందుకు అడుగుతున్నారు, దీన్ని ఎక్కడికి మోసుకుపోతారు అని చూసేదాన్ని.

అమ్మ పోయినప్పుడు వచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. ఆమెకీ విడుదల, నీకూ విడుదల అని. అబద్ధం కాదు. మొదటి కొన్నాళ్ళు మొద్దులాగా నిద్రపోయాను. తరవాత మొదలైంది. మధ్యాహ్నం, అమ్మకి అన్నం పెట్టే వేళకి, మిషన్ మీద నా చేతులు ఆగిపోయేవి. కాలు తొక్కడం మానేసేది. వంటింటి వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. విడుదలైన మనిషికి ఇదేం జబ్బు అని ఎవరికి చెప్పుకునేది?

పక్కింటామె సరిగ్గా ఆ వేళకే వచ్చేది.

మొదట్లో గమనించలేదు. తరవాత తెలిసింది. పొద్దున పూట ఎప్పుడూ రాదు. నేను కుడతా ఉన్నంతసేపు రాదు. చేతులాగి కూర్చున్న కాసేపటికి చెప్పుల చప్పుడు, కొమ్మల గలగల, గుమ్మంలో ఆమె. ఏదో ఒకటి చేతిలో. ఒకరోజు నాలుగు నిమ్మకాయలు. వాళ్ళాయనకి నిమ్మకాయల మార్కెట్లో పని, పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే వస్తాడు. ఒకరోజు ఖాళీ గ్లాసు, చక్కెర కావాలని. చక్కెర పోస్తే, గ్లాసు ఒళ్ళో పెట్టుకొని అట్నే కూర్చుంది. మాట్లాడదు. నేను పని మొదలుపెడితే అప్పుడు లేచి పోతుంది.

ఫోన్లో మా ఆయనకి చెప్పాను. ఆయన, ఊరికే ఎవరూ రారు, ఏదో పనుండే వస్తుంది, చూస్కో అన్నాడు. నాకూ అట్నే అనిపించింది. ఇల్లు గలాయన మా పోర్షన్ కూడా ఖాళీ చేయించి వాళ్ళకిద్దామని చూస్తున్నాడేమో అనుకున్నాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటానని కనిపెడుతోందేమో అని, బీరువా తాళం చెవి పప్పు డబ్బాలోకి మార్చాను. మార్చాక ఆమె వంటింట్లోకి తొంగి చూసిందని అనుమానం వచ్చి, బియ్యం డబ్బాలోకి మార్చాను.

ఒకరోజు పొద్దున బిందె పట్టుకొని వీధి కుళాయి దగ్గరికి పోతుంటే, దూరం నుంచే కనపడింది. పక్కింటామె, మా సిస్టర్ గారు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు. సిస్టర్ గారు నవ్వారు. పక్కింటామె బిందె ఎత్తుకొని తల వంచుకొని పోయింది.

ఆదివారం చర్చి బయట చెప్పులేసుకుంటుంటే సిస్టర్ గారు నా దగ్గరికి వచ్చారు. "మధ్యాహ్నాలు మిషన్ ఎక్కడం లేదంటనే? ఒంట్లో బాగుండడం లేదా అమ్మా?"

బాగుండాను అని చెప్పి వచ్చేశాను. నడుస్తుంటే చెవులు వేడెక్కాయి. అదీ సంగతి. గోడకి చెవి పెట్టి వింటోంది, వచ్చి చూస్తోంది, పోయి చెప్తోంది. మళ్ళీ నా పేరు లేకుండా నా గురించి మైకులో ప్రార్థన వస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం చేతులు ఆగే వేళకి ఒక పని చేశాను. మిషన్ లోంచి దారం తీసేశాను. గుడ్డ తీసేశాను. ఖాళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాను. చప్పుడు గోడ అవతలికి పోతూనే ఉంది. ఆమె రాలేదు. గెలిచాననుకున్నాను. ఆ మర్నాడూ అట్నే చేశాను. ఆ పైరోజూ అంతే. పిక్కలు లాగేవి. సూది ఏమీ లేని చోట పైకీ కిందికీ పోతూ ఉండేది, దాన్నే చూస్తూ తొక్కేదాన్ని. ఆమె రాకపోవడం హాయిగానే ఉంది. కానీ తొక్కుతూ తొక్కుతూ ఒక రోజు, ఎవరూ చూడనప్పుడు నేను చేస్తున్నదేంటి, నాకు పిచ్చిగానీ పట్టిందా అని భయం వేసింది.

ఆ రోజే వచ్చింది. ముందు తలుపుకి గడియ పెట్టి ఉంటే, పెరటి వైపు నుంచి. నేను తొక్కడం ఆపలేదు. ఆమె మిషన్ దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"గుడ్డ లేకుండా ఎవరికి కుడతా ఉండావు మే?" అంది. గొంతులో వెటకారం లేదు. "ఇన్నాళ్ళూ వింటా ఉండా. కుట్టేవాళ్ళు మధ్యలో ఆపుతారు గదా. నువ్వు ఆపడంలా. ఏమయ్యిందో అని వచ్చినా."

నా కాలు ఆగిపోయింది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. కోపం మాత్రం మిగిలింది.

"నీకేం కావాలక్కా నాతో?" అన్నాను. "దినామూ ఎందుకొస్తావు? మా సిస్టర్ గారికి నా సంగతులు ఎందుకు మోస్తావు?"

ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడకి ఆనుకొని కింద కూర్చుంది. చీర కొంగు రెండు చేతులతో పట్టుకొని మెలిపెట్టింది. 

"నాకు భయం మే. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకుండా ఉండా."

నాకు మొదట అర్థం కాలేదు. దొంగల భయమా అన్నాను. కాదంది. మెల్లిగా చెప్పుకొచ్చింది. పెళ్ళయి పోయినప్పటి నుంచి ఊళ్ళో ఉమ్మడి ఇంట్లోనే బతికింది. అత్త, మరుదులు, తోడికోడళ్ళు, పిల్లలు, పాలేళ్ళు. ఏకాంతం అంటే ఏందో ఎరగదు. అన్నదమ్ములు వేరుపడ్డారు, పొలం పని మానుకొని వాళ్ళాయన గూడూరొచ్చాడు. ఇక్కడ ఆయన పోయాక పొద్దుగూకేదాకా ఇంట్లో చప్పుడుండదు. ఆ నిశ్శబ్దంలో గుండె దడదడ కొట్టుకుంటుంది, ఒళ్ళు చెమట పడుతుంది, ఇప్పుడే చచ్చిపోతాననిపిస్తుంది. మొగుడికి చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గుండెకి పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఏమీ లేదంట గదా అని ఆయన నవ్వాడు.

"ఏమీ లేదంటే ఇంక ఎవరికి చెప్పేది?" అంది. "నీ మిషన్ ఆడతా ఉంటే పక్కన ఎవరో ఉండారని ధైర్యంగా ఉంటాది. అది ఆగితే దడ మొదలవతాది. అందుకని వచ్చేసేదాన్ని. చేతికి ఏది దొరికితే అది తీసుకొని. కరేపాకు కూడా మీ చెట్టుదే, వచ్చేటప్పుడు తుంచినా."

కుళాయి దగ్గర సిస్టర్ గారిని అడిగింది తనేనని ఒప్పుకుంది. మా పక్కింట్లో కుట్టే ఆమె మధ్యాహ్నాలు మిషన్ ఎందుకు ఆపేస్తుంది, ఒంట్లో బాగలేదా అని అడిగిందంట. సిస్టర్ గారు మీ చర్చి మనిషని తెలుసు గానీ, ఆ మాట నీ దాకా తిరిగొస్తుందని తెలవదంది.

ఇంత విన్నా నా మనసు కరిగిపోయిందంటే అబద్ధం. నమ్మలేదు. ఇంత చక్కగా కథ చెప్పేవాళ్ళు ఉంటారు అనుకున్నాను. కానీ ఆమె కొంగు మెలిపెడుతున్న చేతులు వణుకుతున్నాయి. అది నటన కాదు. మూడేళ్ళు వణికే చెయ్యి పట్టుకొని అన్నం పెట్టినదాన్ని, చేతి వణుకు నాకు తెలుసు. నీళ్ళిచ్చాను. రేపట్నుంచి ఊరికే రా అక్కా, చేతిలో ఏమీ లేకపోయినా అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. నా సంగతి అసలే చెప్పలేదు.

రోజూ వచ్చేది. నేను కుడతా ఉంటే హుక్సు కుట్టిచ్చేది. వంకరగా కుట్టేది, ఆమె పోయాక విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. వారాలు గడిచాయి. నేనింకా కనిపెడుతూనే ఉన్నాను. తాళం చెవి బియ్యం డబ్బాలోనే ఉంది.

ఒకరోజు మళ్ళీ నా చేతులు ఆగిపోయాయి. ఆమె ఎదురుగానే ఉంది. ఏంది మే అంది. ఏమీ లేదక్కా అనబోయాను. ఆ మాట నోట్లోకి వచ్చాక, ఆమె చెప్పింది గుర్తొచ్చి సిగ్గేసింది. నన్ను నమ్మి ఆమె అంత చెప్పుకుంటే, నేను డాక్టరు చెప్పిన మాటే చెప్తున్నాను.

"ఇది మా అమ్మకి అన్నం పెట్టే టైం అక్కా" అన్నాను.

విడుదల అంటుందని కాచుకున్నాను. అన్లేదు. అమ్మ ఫోటో వైపు చూసి, "ఏం తినేది?" అని అడిగింది.

అమ్మ పోయాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎట్లా పోయింది, ఎన్నాళ్ళు పడింది, ఎంత కష్టపడ్డావు అని అడిగారు. ఏం తినేదని అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. మెత్తగా పిసికిన అన్నం. చారు పలచగా. సముద్రం ఒడ్డున పుట్టింది కదా, చేప లేకపోతే నోరు తెరిచేది కాదు. ముళ్ళన్నీ ఏరి, వేళ్ళతో నలిపి చూసి పెట్టేదాన్ని. నచ్చితే ఎడమ కంటితో నవ్వేది, కుడి పక్క ముఖం కదిలేది కాదు. అక్కడికొచ్చేసరికి ఏడ్చేశాను. పళ్ళెం సంగతి, అరిచిన సంగతి కూడా చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. లేచి నా పక్కన వచ్చి కూర్చుంది. మా అత్తకి నేను కూడా పెట్టినా మే, నేను కూడా అరిచినా అంది, అంతే.

ఏడ్చి తెప్పరిల్లగానే నాకు తోచిన మొదటి సంగతి, అయ్యో చెప్పేశానే అని. మర్నాడు కుళాయి దగ్గరికి పెందలాడే పోయి, ఎవరెవరు మాట్లాడుకుంటున్నారో చూశాను. ఆదివారం చర్చిలో సిస్టర్ గారు మైకు పట్టుకున్నప్పుడు నా వేళ్ళు చాపని గీకుతున్నాయి. పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించారు, చేపల వేటకి పోయేవాళ్ళ కోసం ప్రార్థించారు, వానల కోసం ప్రార్థించారు. ఆమేన్ అన్నారు. నేను రాలేదు అందులో. ఆ పై ఆదివారం కూడా రాలేదు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

అమ్మని వాళ్ళ ఊళ్ళో పాతిపెట్టిన తరవాత నేను సమాధి దగ్గరికి పోలేదు. పోవాలనుకోవడం, బస్టాండు దాకా పోయి తిరిగి రావడం. ఒక్కదాన్నే పోలేను. తోడు రమ్మని అడగాలంటే నాలుక తిరగలేదు. కుడతా కుడతా, ఆమె ముఖం చూడకుండా అడిగాను. "అమ్మ దగ్గరికి పోవాలి. నాతో వస్తావా అక్కా?"

ఆయన్నడిగి చెప్తానంది. ఆ సాయంత్రం వాళ్ళాయనే మా గుమ్మం ముందుకొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏమనుకోబాకండి మేడం" అన్నాడు. "మా ఇంటామెని మీలో కలుపుకునేదానికేం కాదు గదా?"

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ నేను వాళ్ళని అనుమానిస్తుంటే, గోడ అవతల ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. సమాధి దగ్గరికి తోడు కోసమే అడిగాననీ, ఆమె బొట్టు ఆమెకే ఉంటుందనీ చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. అన్నా, ఆమెకి భయం వేస్తుందనేది నిజం, నేను చూశాను, గుండెకి ఏమీ లేకపోయినా భయం ఉంటుంది, దానికి వేరే డాక్టర్లున్నారు అన్నాను. ఆయన నేల చూశాడు. అవునా అన్నాడు. వెంటనే ఒప్పుకోలేదు గానీ, మీరుండారు గదా, పోయి రండి అన్నాడు.

ప్యాసింజర్ రైల్లో బిట్రగుంటలో దిగి, ఆటోలో పోయాం. ఊరి బయట సరుగుడు తోట పక్కన ఇసకలో సమాధులు. అమ్మ సమాధి మీద గాలికి ఇసక మేటేసింది. చేతులతో తోశాను. ఆమె ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడి, తరవాత తనూ వంగి తోసింది. నేను ప్రార్థన చేసుకుంటుంటే కొంచెం ఎడంగా పోయి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. అమ్మా, ఆ రోజు అరిచాను అని మాత్రం చెప్పగలిగాను. చాలాసేపు ఉన్నాం. ఆమె తొందర పెట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు రైలు నెల్లూరు దాటాక ఎక్కడో ఆగిపోయింది. సిగ్నల్ కోసం. ఫ్యాన్లు ఆగాయి, మాటలు ఆగాయి. పెట్టెలో నిశ్శబ్దం పడింది. ఆమె ముఖం చూశాను. పై పెదవి మీద చెమట. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నాకేం చెయ్యాలో తోచలేదు. ప్రార్థన చెయ్యనా అనుకున్నాను, వాళ్ళాయన మాట గుర్తొచ్చింది.

"ఏం చెయ్యమంటావక్కా?" అన్నాను.

"మాట్లాడతా ఉండు. ఏదైనా సరే."

నాకు తెలిసింది జాకెట్లు. అవే మాట్లాడాను. కొలతకి ఆది జాకెట్టు బిగుతుగా ఉన్నది ఇచ్చి, వదులుగా కుట్టలేదని పోట్లాడేవాళ్ళ గురించి చెప్పాను. మెడ లోతుగా పెట్టమని కూతురు చెప్పిపోతే, వెనకే వచ్చి వద్దని చెప్పిపోయే తల్లి గురించి చెప్పాను. పెళ్ళి ముందురోజు చంకలు పట్టలేదని ఏడ్చిన పెళ్ళికూతురి గురించి చెప్పాను. ఎదురు సీట్లో ముసలాయన కూడా వింటున్నాడు. రైలు కదిలేసరికి ఆమె ఊపిరి నిదానమైంది, చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ కూతురికి చివరికి మెడ ఎంత పెట్టినావు అని అడిగింది.

తరవాత నెల్లూరులో మనసుకి చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. వాళ్ళాయన కూడా వచ్చాడు. మాత్రలిచ్చింది, ఊపిరి తీసుకోవడం నేర్పింది. భయం పూర్తిగా పోలేదు. వచ్చినా కాసేపటికి అదే పోతుందని మాత్రం ఆమెకి తెలిసింది.

నేను కూడా పూర్తిగా మారలేదు. కొత్తవాళ్ళెవరైనా ఊరికే పలకరిస్తే ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. సిస్టర్ గారు అడిగితే బాగుండాను అనే చెప్తాను.

మా ఆయనకి మాత్రం ఒక శనివారం అన్నీ చెప్పాను. చేతులు ఆగిపోవడం, ఖాళీ మిషన్ తొక్కడం, అన్నీ. ఆయన అన్నం కలుపుకున్న చెయ్యి అట్నే పెట్టుకొని విన్నాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"ఇవన్నీ ఆమెకి చెప్పినావు. నాకెందుకు చెప్పలా?" అన్నాడు.

"నువ్వు అడగలా."

ఎవరు నేర్పించారు నీకీ మాటలు అన్నట్టు నావైపు చూశాడు. వాదన పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. రెండు ముద్దలు తిన్నాడు. తరవాత, రూములో తనకి కూడా రాత్రి పూట అన్నం దిగదనీ, ఫోన్ చేసి చెప్దామనుకొని నువ్వు ఏడుస్తావని చెయ్యలేదనీ పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

"ఏం వండుకుంటావు అక్కడ?" అని అడిగాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.